ఆరని వానకోటు

హాలు తలుపు లోపలి వైపు, మోకాలెత్తున, మనిషి గోళ్ళతో గీకిన గీతలున్నాయి.

డిటెక్టివ్ నేల మీద చతికిలబడి టార్చి వెలుగు అడ్డంగా పట్టింది. గీతలు పైన లోతుగా మొదలై, కిందికి వచ్చేకొద్దీ సన్నబడి, చివరికి ఊరికే వేళ్ళు జారిన మరకలా మిగిలాయి. బూడిదరంగు పెయింటు లేచిన చోట ఇనుము తళతళలాడుతోంది. అంచుల్లో పెయింటు పొట్టు ఇంకా రాలిపోలేదు. పాత గీతలు కావివి.

"నిద్రలో పోయినట్టు పోయాడమ్మా, ఏమీ తెలిసుండదు," అని పోలీసులు అతని భార్యకి చెప్పారు. ఆమె ఆ మాటనే పట్టుకుని రెండు రోజులుగా బతుకుతోంది.

మొన్న మధ్యాహ్నం ఈ తలుపు వెనకే అతను చచ్చి పడి ఉన్నాడు. ఆఫీసులో అందరూ అతన్ని 'తూకం' అనేవారు. కొలిచి చూడందే ఏదీ ఒప్పుకోడు కనక ఆ పేరు. ఆంబులెన్సు కోసం ఊరు ఊరంతా చేసే ఫోన్లు ఈ హాల్లోని సర్వర్ల మీదే నడుస్తాయి. ఎనిమిదేళ్ళ నాటి పాత ప్రాసెసర్లే ఉంచాలా, కొత్తవి కొనాలా, దేనికి పెట్టిన డబ్బుకి ఎంత పని దక్కుతుంది అన్నది కొలిచి చెప్పడం తూకం పని. మొన్న పొద్దున ఫోన్లన్నీ నమూనాకి తెప్పించిన కొత్త సర్వర్ల మీదికి మార్చి, పాత వరసంతా అతనికి పరీక్షకి వదిలేశారు. అతను పాతవన్నిటినీ ఒకేసారి పూర్తి జోరు మీద పరిగెత్తించాడు. ఒంటిగంట దాటాక కప్పులోంచి మంటలార్పే గ్యాసు దిగింది. ఆ గ్యాసు గదిలో గాలిని తరిమేస్తుంది. మంటతో పాటు మనిషీ ఆరిపోతాడు. అది దిగేముందు, లోపలున్నవాళ్ళు బయటపడ్డానికి ఒక గంట మోగాలి. మోగలేదు.

ఆ గంటని అంతకు ముందే విప్పి పక్కన పెట్టినవాడు ఇక్కడి జనరేటర్ మెకానిక్. తూకానికి స్వయానా బావమరిది. ఇప్పుడు లాకప్‌లో ఉన్నాడు. మొగుణ్ణి పోగొట్టుకున్న రోజే తమ్ముణ్ణి కూడా పోలీసులు ఎత్తుకుపోతే, ఆ అక్క డిటెక్టివ్ గుమ్మం ముందుకొచ్చి నిలబడింది.

డిటెక్టివ్ లేచి, తలుపు పక్కనున్న పచ్చ బటన్ నొక్కింది. తాళం టక్కుమని ఊడి తలుపు బయటికి తెరుచుకుంది.

"ఏం ప్రైవేటు, నేల తుడుస్తున్నావా? మొత్తానికి పని దొరికిందన్నమాట."

నడవలో ఇన్‌స్పెక్టర్ నిలబడి ఉన్నాడు. ఒకప్పుడు ఆమె ఆయన కింద ఎస్సైగా చేసింది. ఉద్యోగానికి దండం పెట్టి బయటికొచ్చిన రోజు నుంచీ ఆయన ఆమెని పేరు పెట్టి పిలవడం మానేశాడు. ప్రైవేటు డిటెక్టివ్ కనక 'ప్రైవేటు'.

"మీరు చూడకుండా వదిలేసిన చోటే తుడుస్తున్నా సార్. ఇటు రండి."

ఆయన వంగి చూశాడు. మొహంలో వెటకారం నెమ్మదిగా జారిపోయింది.

"ఈ బటన్ నొక్కితే తలుపు తెరుచుకుంటుంది," అందామె. "చిన్నపిల్లాడైనా నొక్కుతాడు. మరి గోళ్ళతో గీకడమెందుకు?"

జవాబు కోసం ఆగకుండా నడవలోకి వచ్చింది. అక్కడ సర్వర్లు మోసే ఇనప ట్రాలీ ఉంది. దాన్ని అడ్డంగా తిప్పి తలుపుకీ ఎదుటి గోడకీ మధ్య తోసింది. కొలిచి చేయించినట్టు ఇరుక్కుంది. ట్రాలీ పిడి తగిలిన చోట, తలుపు బయటి వైపు, వేలి లోతు సొట్ట. పిడి తెచ్చి అందులో కూర్చోబెట్టినట్టే ఉంది.

"లోపలివాడు బటన్ నొక్కాడు. తాళం ఊడింది. తలుపు కదల్లేదు," అందామె. "ఇది నిర్లక్ష్యం కాదు. ఎవరో కావాలని చంపారు."

ఇన్‌స్పెక్టర్ సొట్టని బొటనవేలితో తడిమాడు. తర్వాత నవ్వాడు.

"ఎవరో ఏంటి ప్రైవేటు? గంట విప్పినవాడు, బావతో పదిమందిలో అరుచుకున్నవాడు, గ్యాసు దిగినప్పుడు జనరేటర్ షెడ్డులో ఒంటరిగా ఉన్నవాడు, రోజూ ఈ ట్రాలీ తోసేవాడు... వీళ్ళందరూ ఒకడే. నేను పాపం నిర్లక్ష్యం అని రాశాను. ఏడాదో రెండేళ్ళో కూచుని వచ్చేసేవాడు. నువ్వొచ్చి హత్య అని తేల్చి పెట్టావు. ఇప్పుడిక యావజ్జీవం." ఆయన ఫోను తీశాడు. "క్లయింటుకి ఫీజు తిరిగిచ్చేయ్. తమ్ముడి మెడకి ఉరి బిగించి డబ్బు తీసుకుంటే బాగుండదు."

డిటెక్టివ్ ట్రాలీని పక్కకి లాగింది. ఆయన అన్నదాంట్లో తప్పులేదు. కేసుని తనే పెద్దది చేసింది.

"మరి గ్యాసు ఎవరు వదిలారు?" అంది పట్టు వదలకుండా.

"ఎవరూ వదలక్కర్లేదు, వేడే వదిలింది. పాత వరసని ఒకేసారి తోలితే కప్పు కింద వేడి పెరిగిపోతుంది. అరవై డిగ్రీలు దాటితే గ్యాసు దానంతటదే దిగుతుంది. పోయినేడాది సరిగ్గా ఇలాగే దిగింది. అప్పుడు హాల్లో ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది. అది ఇక్కడ అందరికీ తెలుసు, మీ మెకానిక్‌కి మరీ బాగా తెలుసు. గంట విప్పాడు, బావ పరీక్ష మొదలెట్టేదాకా ఆగాడు, ట్రాలీ అడ్డం పెట్టాడు. మిగతాది పాత మెషిన్లే చేసిపెట్టాయి."

"గంట విప్పమని పెద్దసారే చెప్పారంటున్నాడు."

"దొరికిపోయాక అందరూ పెద్దసార్ల పేరే చెప్తారు."

* * *

పెద్దసారంటే ఈ హాలంతటికీ అధికారి. అద్దాల కేబిన్‌లో కూర్చుని కళ్ళజోడు తుడుచుకుంటున్నాడు. తుడిచిన అద్దాన్నే మళ్ళీ మళ్ళీ తుడుస్తున్నాడు. కళ్ళు వాచి ఉన్నాయి.

"మంచి కుర్రాడు మేడమ్. నా చేతుల మీద పని నేర్చుకున్నాడు. చెప్పాను, పాత వరస మొత్తం ఒకేసారి తోలొద్దు, సగం సగం కొలుచుకో అని. వింటేనా? 'పూర్తిగా పరిగెత్తించకపోతే ఏది ఎంతో ఎలా తెలుస్తుంది సార్' అన్నాడు."

"అసలా పాతవాటికీ కొత్తవాటికీ తేడా ఏంటో నాలాంటిదానికి అర్థమయ్యేట్టు చెప్తారా?"

ఆయన ముందుకు వంగాడు. ఏడ్చిన మనిషి గొంతులో ఒక్కసారిగా ఉత్సాహం వచ్చింది. తన పని గురించి అడిగితే ఏ పనివాడికైనా వచ్చేదే.

"పాత పెట్టె ఒక్కోదాంట్లో రెండు ప్రాసెసర్లు. ఒక్కో ప్రాసెసర్‌లో ఎనిమిది కోర్లు. కోర్ అంటే ఒక పనివాడనుకోండి. అంటే పెట్టెకి పదహారు మంది. కొత్తదాంట్లో ఒక్క ప్రాసెసర్‌లోనే అరవైనాలుగు మంది. పైగా ఒక్కొక్కడూ పాతవాడికంటే చురుకు. పాతవాళ్ళు తినేది బండెడు కరెంటు, చేసేది తట్టెడు పని. మిగతాదంతా వేడి. ఆ వేడిని చల్లార్చడానికి మళ్ళీ ఏసీకి కరెంటు. కొత్తది కొంటే ఆ ఖర్చులోనే ధర తిరిగొచ్చేస్తుంది. ఎన్నేళ్ళుగానో మొత్తుకుంటున్నాను. పైవాళ్ళు వింటేనా? 'నడుస్తున్నాయిగా, నడవనీ' అనేవారు."

"ఇప్పుడు విన్నారా?"

"ఈ మధ్య పాతవి మరీ మొరాయించాయి. ఆంబులెన్సు ఫోన్లు వెంటనే కలవడం లేదు. పేపర్లో కూడా పడింది. అప్పుడు గాని కొలవమనలేదు." ఆయన కళ్ళజోడు పెట్టుకున్నాడు. "ఇంక కొలవాల్సిందేముంది? కొత్తవాటి మీదే నడుపుతున్నాం. పాతవి తుక్కుకి పోతున్నాయి. లారీ వచ్చింది."

"ఇవాళేనా?"

"ఇన్‌స్పెక్టర్ గారు సరేనన్నారు."

"గ్యాసు దిగినప్పుడు మీరెక్కడున్నారు?"

"ఇక్కడే, ఇదే కుర్చీలో. ఎర్రదీపం వెలగ్గానే పరిగెత్తాను. తలుపు తెరిస్తే..." కళ్ళజోడు సర్దుకున్నాడు. "ఊపిరి బిగబట్టి అతన్ని బయటికి లాగాను. పాత వరస వైపునుంచి కొలిమిలోంచి కొట్టినట్టు వేడి కొట్టింది మేడమ్ మొహానికి. ఇప్పటికీ ఇక్కడ మండుతున్నట్టే ఉంది." చెంప తడుముకున్నాడు.

"తలుపు ముందు ట్రాలీ లేదా?"

ఆయన చెయ్యి చెంప మీదే ఆగింది. "ట్రాలీయా? గోడవారగా ఉందనుకుంటా. అప్పుడవన్నీ ఎవరు చూస్తారు?"

"గంట సంగతి?"

"నేనెందుకు విప్పమంటాను? బావా బావమరుదులిద్దరూ దాని గురించే గొడవ పడ్డారు. 'గంట ఎందుకు విప్పావురా, బుద్ధుందా' అని అతను, 'నీ పని నువ్వు చూసుకో బావా' అని వీడు. ఆఫీసంతా విన్నారు."

డిటెక్టివ్ లేచింది. ఈ మనిషి చెప్పినవాటిలో ఏదీ తప్పని నిరూపించడానికి ఆమె చేతిలో పూచికపుల్ల కూడా లేదు.

* * *

ముందు గదిలో తూకం భార్య నిలబడి ఉంది. ఎదురుగా బల్ల మీద భర్త వస్తువులు. వాచీ, టిఫిను డబ్బా, పెన్నూ, పారదర్శకంగా ఉన్న ప్లాస్టిక్ సంచిలో మడిచి పెట్టిన వానకోటూ. తీసుకున్నట్టు సంతకం చేయమంటే పెన్ను పట్టుకుని అలాగే ఉండిపోయింది.

"మా తమ్ముణ్ణి ఎప్పుడు వదుల్తారక్కా?" అంది డిటెక్టివ్‌ని చూడగానే.

డిటెక్టివ్ చూపు బల్ల మీది వస్తువుల మీదికి తిప్పుకుంది. ఆమె రెట్టించలేదు. రెండు రోజుల్లో ఎదుటివాళ్ళ మొహాల్ని చదవడం వచ్చేసింది.

"వాడు నోటికొచ్చింది వాగుతాడు గాని, బావంటే ప్రాణం వాడికి. ఈయనా అంతే. వాణ్ణి తిట్టిన రోజు రాత్రి నాతో, 'మీవాడు మంచోడే, ఎవడేం చెప్తే అది చేసేస్తాడు, అదే వాడి రోగం' అన్నారు." సంచి విప్పి కోటు బయటికి తీసింది. మడతల్లోంచి నీళ్ళు బల్ల మీద కారాయి. ఆమె కొంగుతో తుడిచింది. "చూశారా, ఇదీ ఇంతే. ఈ వానాకాలమంతా ఇలా తడిముద్దగానే ఇంటికొస్తోంది."

"అంతకు ముందు?"

"అంతకు ముందా? పొద్దున ముద్దగా తడిసి వెళ్ళినా సాయంత్రం అప్పడంలా ఎండబెట్టి తెచ్చేవారు. పాత మెషిన్ల వెనక ఒక కొక్కెం ఉందట. దానికి తగిలిస్తే మధ్యాహ్నానికల్లా ఫెళఫెళలాడేదట. వెచ్చగా ఉన్నదాన్నే తెచ్చి నా భుజాల మీద కప్పేవారు." పెదవి బిగించింది. "'ఏంటీ, మీ పాత పొయ్యిలు చల్లారిపోయాయా' అని ఆ ముందు రోజు రాత్రే వేళాకోళమాడాను."

"ఏమన్నారు?"

"నవ్వలేదు. 'స్టోరులో సీలు విప్పని పాతదొకటి దొరికింది. వీటికి కవలే. అది పరిగెడుతోంది, ఇవి కుంటుతున్నాయి. రేపు పెద్దసార్ని అడగాలి' అన్నారు. నాకేం అర్థమవుతుంది? అన్నం పెట్టాను, తిన్నారు."

డిటెక్టివ్ కోటుని రెండు చేతుల్తో పట్టుకుంది. చంకల దగ్గర ఇంకా నీళ్ళున్నాయి. మొన్న పొద్దున కుండపోత. తూకం తడిసి వచ్చి, దీన్ని పాత వరస వెనక కొక్కేనికి తగిలించి, పరీక్ష మొదలెట్టాడు. బల్ల పక్కన నిలబడి కానిస్టేబుల్ ఒకడు సంచుల మీద చీటీలు అంటిస్తున్నాడు.

"బాబూ, ఈ కోటు ఎక్కడ దొరికింది? ఎప్పుడు తీశావు?"

"పాత మెషిన్ల వెనక మేడమ్, కొక్కేనికి. సాయంత్రం మెషిన్లు ఆపాక తీసి సంచిలో పెట్టాను. అప్పుడు కూడా కారుతూనే ఉంది."

కప్పు కింద అరవై డిగ్రీలు దాటిందట. కొలిమిలా మొహానికి కొట్టిందట. ఆ కొలిమి ముందు పొద్దున్నించీ సాయంత్రం దాకా వేలాడిన కోటు ఆరలేదు.

బయట లారీ ఇంజను గుర్రుమంది.

డిటెక్టివ్ పరిగెత్తింది.

* * *

వెనక గుమ్మం దగ్గర పాత సర్వర్లు సగం అప్పటికే లారీలో పేర్చేశారు. డ్రైవరు తలుపు వేయబోతున్నాడు. ఆమె ఆ తలుపుకి భుజం అడ్డంపెట్టింది.

"ఏంటమ్మా ఇది? నాకింకా రెండు లోడ్లున్నాయి!" అన్నాడు డ్రైవరు.

"ఒక్క పెట్టె దింపు నాయనా. ఒక్కటి చాలు."

ఇన్‌స్పెక్టర్ విసవిసా వచ్చాడు. వెనకే పెద్దసారు.

"ప్రైవేటూ! నీకు చెప్పాలా మర్యాద? కేసు తేలిపోయింది. తుక్కు సామాను ఆపడానికి నువ్వెవరు?"

"మీ కేసంతా వేడి మీద నిలబడి ఉంది సార్. ఆ రోజు వేడి లేదు." ఆమె కోటు ఆయన చేతిలో పెట్టింది. చల్లటి నీళ్ళు ఆయన చొక్కా కఫ్‌లోకి జారాయి. "ఇది మీ కానిస్టేబుల్ పాత వరస వెనకనుంచి తీసినదే. అక్కడ అరవై డిగ్రీలుంటే ఇలా ఉంటుందా?"

"గ్యాసు దిగితే చల్లబడదా? అది మంచులా దిగుతుంది మేడమ్," అన్నాడు పెద్దసారు మెత్తగా.

"దిగింది ఒంటిగంట దాటాక. పరీక్ష పొద్దున మొదలైంది. ఆ తర్వాత సాయంత్రం దాకా మెషిన్లు నడుస్తూనే ఉన్నాయి. గ్యాసుకి ముందూ ఆరలేదు, తర్వాతా ఆరలేదు." ఆమె ఇన్‌స్పెక్టర్ వైపే చూస్తోంది. "పోయినేడాది గ్యాసు దింపేంత వేడి పుట్టించిన మెషిన్లు ఈ ఏడాది ఒక కోటు ఆరబెట్టలేకపోయాయి. ఎందుకో చూద్దాం. ఒక్క మూత విప్పితే పోయేదేముంది?"

"పోయేది నా టైము," అన్నాడు ఇన్‌స్పెక్టర్. కానీ కోటుని ఇంకా చేత్తో పిసుకుతూనే ఉన్నాడు. చివరికి డ్రైవరు కేసి తిరిగాడు. "ఒకటి దింపు. ఏదో ఒకటి."

పెట్టె నేల మీదికి దిగింది. గడియ లాగితే మూత వచ్చేసింది. మూత లోపలి వైపు కంపెనీవాళ్ళు అంటించిన బొమ్మ ఉంది. ఏ భాగం ఎక్కడుంటుందో చూపించే బొమ్మ. అందులో పక్కపక్కన రెండు చదరాలు, రెండు ప్రాసెసర్లు. పెట్టెలోకి చూస్తే ఒక వైపు పలకలు పలకలుగా లోహపు దిమ్మ, దాని కింద ప్రాసెసర్. రెండో వైపు ఖాళీ. దుమ్ము పడకుండా నల్లటి ప్లాస్టిక్ మూత మాత్రం పెట్టి ఉంది.

"ఇంకోటి దింపు," అన్నాడు ఇన్‌స్పెక్టర్. ఈసారి గొంతు మారింది.

రెండోదీ అంతే. మూడోదీ అంతే. డ్రైవరు ఇంక గొణగలేదు.

"పెట్టెకి రెండని మీరే చెప్పారు సార్ ఇందాక," అంది డిటెక్టివ్ పెద్దసారుతో. "సగం ప్రాసెసర్లు పోయాయి. పనిలో సగం పోయింది. అందుకే ఫోన్లు కలవలేదు. వాటితో పాటు వేడి కూడా పోయింది. ఆ సంగతి మాత్రం తీసినవాడికి తట్టలేదు."

"దొంగతనం..." పెద్దసారు పెదాలు తడుపుకున్నాడు. "ఇంత ఘోరం జరిగిందని నాకు తెలీదే! ఆ మెకానిక్కే అయ్యుంటాడు. వాడు హాల్లోకి వస్తూ పోతూ..."

"అయ్యుండచ్చు. అది తర్వాత. ముందు గ్యాసు సంగతి తేల్చుకుందాం. వేడి వదల్లేదంటే చెయ్యి వదిలుండాలి. గ్యాసు సిలిండర్ల గదిలో చేత్తో లాగే మీట ఉంటుంది కదా? దాన్ని చూశారా ఇన్‌స్పెక్టర్ గారూ?"

"సిలిండర్లు చూడ్డానికి నేనేమన్నా గ్యాసు కంపెనీవాణ్ణా?" అన్నాడాయన. అనేశాక ఆ మాట తనకే రుచించలేదు. మొహం మాడ్చుకుని పెద్దసారు వైపు చెయ్యి చాపాడు. "ఆ గది తాళం ఎవరి దగ్గరుంటుంది?"

పెద్దసారు చొక్కా అంచు కిందికి లాక్కున్నాడు.

"పోయినేడాది గ్యాసు ఊరికే దిగాక మెకానిక్ దగ్గర తాళం తీసేసుకున్నారట," అంది డిటెక్టివ్. "లాకప్‌లో ఆ కుర్రాడు ఏడుస్తూ చెప్పాడు. 'నన్ను నమ్మలేదక్కా, అప్పట్నుంచీ సారు నడుముకే వేలాడుతోంది' అని. అవునా సార్?"

పెద్దసారు నడుముకున్న గుత్తి తీశాడు. తీస్తూ తీస్తూ, ఒక చిన్న తాళంచెవిని రింగునుంచి తప్పించి జేబులో వేసుకోబోయాడు.

"అది కూడా," అన్నాడు ఇన్‌స్పెక్టర్. ఎన్ని అన్నా ఆయన కళ్ళు పోలీసు కళ్ళే.

సిలిండర్ల గది కేబిన్ పక్కనే. తలుపు తెరిచేసరికి ఎదురుగా ఎర్రటి మీట. దానికి చుట్టి ఉండాల్సిన సీసపు సీలు తీగ తెగి నేల మీద పడి ఉంది. మీట కిందికి వాలి ఉంది. పైకెత్తబోతే రాలేదు. ఒకసారి లాగితే మళ్ళీ గ్యాసు నింపేవాళ్ళొచ్చి తిప్పేదాకా పైకి రాదని పక్కనే బోర్డు మీద రాసి ఉంది.

చిన్న తాళంచెవి కేబిన్‌లోని ఇనప బీరువాది. కింది అరలో, చొక్కాలు మడతపెట్టినంత పొందికగా, ప్లాస్టిక్ ట్రేలు. ఒక్కో గూట్లో ఒక్కో ప్రాసెసర్. ఒక్కదాని మీదా దుమ్ము లేదు. ఒక్క పిన్నూ వంగలేదు.

"అమ్ముకోలేదే," అన్నాడు ఇన్‌స్పెక్టర్ అయోమయంగా. "ఒక్కటీ అమ్ముకోలేదు. మరెందుకయ్యా?"

గుమ్మంలో అలికిడైంది. తూకం భార్య. ఎప్పుడొచ్చిందో, కోటు గుండెలకి అదుముకుని నిలబడి ఉంది. డిటెక్టివ్ ఆమెని బయటికి తీసుకెళ్ళాలని అడుగు వేసింది. ఆమె కదల్లేదు.

"చెప్పనివ్వండక్కా," అంది.

పెద్దసారు కుర్చీలో కూలబడ్డాడు. కళ్ళజోడు తీశాడు. ఈసారి తుడవలేదు.

"అమ్ముకోవడానికి కాదు. చేత్తో తాకితేనే తెలుస్తుంది, బంగారం లాంటి చిప్పులు ఈ ప్రాసెసర్లు. పారేయలేకపోయాను." ఆయన ట్రేలవైపే చూస్తూ మాట్లాడాడు. "ఆరేళ్ళు అడిగానమ్మా. ప్రతి ఏడూ కొత్తవి కావాలని అడగడం, 'పాతవి నడుస్తున్నాయిగా' అనిపించుకుని రావడం. నా దగ్గర పని నేర్చుకున్నవాళ్ళు వేరేచోట కొత్త ప్రాసెసర్ల మీద పని చేస్తుంటే, నేను ఈ ముసలివాటికి కాపలా. సరే, నడవకపోతే ఏమంటారో చూద్దామనుకున్నా. ఒక్కో ఆదివారం ఒక్కో పెట్టె. ఒక చిప్పు తీసి మూత వేయడం. ఎవరూ కనిపెట్టలేదు. కాస్త నెమ్మదిస్తాయి, రెండు ఫిర్యాదులొస్తాయి, కొత్తవి కొంటారు, ఇవి మళ్ళీ పెట్టేద్దాం అనుకున్నా."

"ఫోన్లు కలవనివాళ్ళు చచ్చిపోయారు," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"పేపర్లో చూశాను. ఒక ముసలాయన. ఇంకొకావిడ, కాన్పు. అప్పుడిక తిరిగి పెట్టడానికి చేతులు రాలేదు. పెడితే ఒక్కరోజులో బాగుపడతాయి. ఎందుకు బాగుపడ్డాయని అడుగుతారు." ఆయన ట్రే ఒకటి ముందుకి లాక్కున్నాడు. "మొన్న పొద్దున అతను వచ్చి తలుపు దగ్గరగా వేశాడు. 'సార్, పెట్టె విప్పి చూశాను. మీరే కదా?' అన్నాడు. సాయంత్రం పైవాళ్ళకి చెప్తానన్నాడు. ముందు మీరే చెప్పేయండి సార్, నేను పక్కన నిలబడతాను అన్నాడు. నేను సరేనన్నాను. సరేనని, 'మధ్యాహ్నం దాకా పరీక్ష కానీ' అని పంపాను. గంట అంతకు ముందే విప్పించాను. ఊరికే మోగుతోందంటే ఆ పిచ్చోడు నమ్మాడు. పరీక్ష రోజు ఇలాంటిదేదో అవసరం పడుతుందని లోపల ఎక్కడో అనుకుంటూనే ఉన్నానేమో. ట్రాలీ నేనే పెట్టాను. మీట నేనే లాగాను. వేడి వల్ల అంటే అందరూ నమ్ముతారని తెలుసు. ఎవరూ కోటు చూస్తారనుకోలేదు."

"నిద్రలో పోయినట్టు పోయారన్నారు," అంది తూకం భార్య. గొంతు చాలా చిన్నగా ఉంది. "అవునా?"

ఇన్‌స్పెక్టర్ తల దించుకున్నాడు. డిటెక్టివ్ ఆమె భుజం పట్టుకుంది.

పెద్దసారు మొదటిసారి ఆమె మొహంలోకి చూశాడు.

"కాదమ్మా. తలుపు గీకాడు. నేను అవతలే ఉన్నాను. వినలేక కేబిన్‌లోకొచ్చి తలుపు వేసుకున్నా. అయినా వినపడింది." ఆయన చేతులు ట్రే మీద పెట్టుకున్నాడు. "పొద్దున వెళ్ళిపోతూ గుమ్మంలో ఆగి అతను ఒక మాటన్నాడు. అది అనకుండా పోయుంటే... 'సార్, స్టోరులో దొరికిన పాతదాంట్లో రెండు చిప్పులూ ఉన్నాయి. దాన్నీ కొత్తదాన్నీ పక్కపక్కన పెట్టి కొలిచాను. అయినా కొత్తదే నాలుగింతలకి పైనే గెలిచింది. మీరు ఏదీ తీయక్కర్లేదు సార్. ఒక్కసారి కొలిచి చూపించుంటే పైవాళ్ళు నోరెత్తేవాళ్ళు కాదు' అన్నాడు. వాళ్ళు కొలవకుండా వద్దన్నారు. నేను కొలవకుండా చిప్పులు తీశాను. కొలిచినవాడు అతనొక్కడే. నన్ను తిట్టలేదమ్మా, గొంతు కూడా పెంచలేదు. తిట్టి ఉంటే బతికిపోయేవాడు. జాలిపడ్డాడు."